ఉత్తరం పైనే ఉండాలి

ఫోనులో మ్యాపు తెరిస్తే నాకు ఉత్తరం పైనే ఉండాలి. బండి ఎటు తిరిగినా బొమ్మ కదలకూడదు, మేం వెళ్లే వైపు చూపే బాణం గుర్తే కదలాలి. ఆదోని పక్క పల్లెలో, సేద్యం చేసే ఇంట్లో పెరిగాను. మా ఇంట్లో భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు కూడా 'రోంత తూర్పుకు జరుగు' అనేవాళ్లు. మా ఆయన కర్నూలు టౌనులో పుట్టాడు. ఆయనకు తెలిసినవి కుడి, ఎడమ. బండి ఎటు తిరిగితే మ్యాపు అటు తిరగాలి, పైగా అది శాటిలైట్ ఫొటోలా కనపడాలి. బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ నడుపుతాడు. ఆ ఫొటోలో రాతి గనులు తెల్లటి మచ్చల్లా కనపడతాయని ఖాళీ దొరికితే వాటినే చూస్తూ కూర్చుంటాడు. నాకేమో శుభ్రమైన గీతల మ్యాపే ఇష్టం.

పెళ్లయిన కొత్తలో బేతంచెర్ల నుంచి గండికోటకు కారులో బయలుదేరాం. ఆయన నడుపుతున్నాడు. ఫోను చేతికి రాగానే మ్యాపును నాకు కావలసినట్టు మార్చేసుకున్నాను. కోయిలకుంట్ల దాటాక దారి రెండుగా చీలింది.

"పడమటికి తిప్పు" అన్నాను.

ఆయన ఆకాశం వైపు చూశాడు. ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంది. "పడమర యాడుండాది?" అంటూనే ఎడమకు తిప్పేశాడు.

అది తూర్పు. ఇరుకు దారి, వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేదు. కాసేపటికి తారు పోయి మట్టి వచ్చింది. ఆ మట్టిదారి ఓ శనగచేని దగ్గర ఆగిపోయింది.

"నీ మ్యాపు తలకిందులుగా ఉండాది" అన్నాడు.

"మనం దక్షిణానికి పోతాండాం. తలకిందులుగా పోతాండేది మనమే" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది గానీ అది నాకు కనపడకుండా కారు దిగాడు, వెనకే నేనూ దిగాను. గట్టు మీద గడ్డి కోస్తున్న పెద్దామె తలెత్తింది.

"యాడికి పోవాల నాయనా?"

"గండికోటకు, పెద్దమ్మా."

"గండికోటకు ఈడికొచ్చినారా? ఆ వంక ఎమ్మడి పడమటికి పోండి, రోడ్డు తగులుతాది."

"పడమటికంటే కుడికా, ఎడమకా?"

"నువ్వు యా పక్క తిరిగి నిలబడితే దాన్నిబట్టి ఉంటాదప్పా" అందామె.

నేను నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాను. కానీ నా మ్యాపులో ఆ వాగు పక్కన దారే లేదు, అంతా తెల్లగా ఉంది. ఆయన ఫోను తీసుకుని తన శాటిలైట్ ఫొటో పెట్టాడు. వంక పక్కనే సన్నటి బండిదారి, మధ్యలో కంపచెట్లు, చివర తారురోడ్డు తేటగా కనపడ్డాయి.

"కారు పడుతాది, ఎక్కు" అన్నాడు. ఆ పూటకు ఆయన ఫొటోయే మేలని ఒప్పుకున్నాను. పెద్దామె కిటికీలోంచి గుప్పెడు శనగ మొక్కలు నా ఒళ్లో పెట్టింది. నేను పచ్చి శనగలు వలిచి ఆయన నోట్లో పెడుతుండగా, కుదుపుల్లోనే రోడ్డెక్కాం.

పొద్దు వాలేసరికి గండికోట అంచుకు చేరాం. నా మ్యాపులో పెన్న ఒట్టి నీలం గీత. ఆయన ఫొటోలోనూ ఓ పగులు, అంతే. ఆ ఎర్రటి బండల మధ్య అంత లోతున నీళ్లుంటాయని ఇద్దరం అనుకోలేదు. కిందికి చూడగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను. నలుగురిలో అలా పట్టుకోవడం అదే మొదటిసారి. చాలాసేపు వదల్లేదు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో నేను నడిపాను, ఫోను ఆయన చేతిలో ఉంది. మేం వెళ్లేది ఉత్తరానికే కాబట్టి ఎవరి పద్ధతిలో పెట్టినా బాణం పైకే చూపించింది. వాదించుకోవడానికి ఏమీ లేక ఆయన దారి పొడవునా పాటలు పాడాడు. శ్రుతి లేదు, అయినా బేతంచెర్ల వచ్చేదాకా నేను ఆపమనలేదు.