ఇద్దరికీ ఒకే షాపులో కొన్న కీలు

2000ల చివర్లో సైదాబాద్‌లో ఉండి ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో, గౌలిపురలోని పాలవాళ్ళ కుటుంబానికి చెందిన ఒక మిత్రుడితో కలిసి ఆన్‌లైన్‌లో కంప్యూటర్ ఆట ఆడేవాణ్ణి. కొత్త ఆట వచ్చినప్పుడు, దాన్ని తెరిచే నంబరు, అంటే కీ, ఒక చిన్న షాపులో సగం ధరకే ఇస్తున్నారని తెలిసింది.

"గింత తక్కువకు ఎట్ల ఇస్తుండు?" అని అతను వెనకాడాడు. ఏం కాదని ఒప్పించింది నేనే. ఇద్దరం చెరొక కీ కొన్నాం.

నెల తిరక్కుండానే ఆన్‌లైన్‌లో ఆటలమ్మే కంపెనీవాళ్ళు అతని అకౌంటు మూసేశారు. ఎవరిదో దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కొన్న కీ అట. నాలుగేళ్ళుగా అతను కొనుక్కున్న ఆటలన్నీ దాంతోపాటే పోయాయి. ఇద్దరం షాపుకు వెళ్ళి అడిగితే, "నాకేం తెల్వదు భాయ్, నేను గూడ ఇంకొకరి దగ్గర్నే తీసుకున్న," అని యజమాని మొహం తిప్పుకున్నాడు.

బయటికి వచ్చాక మిత్రుడు అడిగాడు. "నీది గూడ బందైందా?"

నా కీ ఆ ఉదయం కూడా పనిచేసింది. "అయింది," అన్నాను.

"పోనీ తియ్, ఇద్దరం మునిగినం," అంటూ అతనే నన్ను ఓదార్చాడు.

ఆ ఆట నేను మళ్ళీ ఆడలేకపోయాను. అతనికి నిజం చెప్పే ధైర్యమూ ఇంతవరకు రాలేదు.