మధ్యాహ్నపు వేళ బెరిల్ మేడమ్ గొంతు

సిరిసిల్లలో ముత్యం కార్ఖానా ముందు నుంచి మధ్యాహ్నం పూట వెళ్లేవాళ్లకు ఒక దృశ్యం అలవాటైపోయింది. లోపల నాలుగు సాంచాలు దడదడమంటూ బట్ట నేస్తుంటాయి. వాటి యజమాని మాత్రం బయట గోడ నీడలో నిలబడి, ఒక చెవిని వేలితో మూసుకుని, రెండో చెవికి ఫోను ఆనించుకుని, తనలో తాను నవ్వుకుంటుంటాడు. ఆ ఫోనులో మాట్లాడేది ఇంగ్లండులో ఉండే బెరిల్ అనే ముసలామె. అక్కడ తెల్లవారి ఆమె మొదటి టీ తాగే వేళకు ఇక్కడ పన్నెండు దాటుతుంది.

"ఏమన్నదయ్యా మీ బేరవ్వ?" అని అడిగేది భార్య ఇంద్రమ్మ.

"వాన పడుతున్నదట. పక్కింటోళ్ల పిల్లి మల్ల పూలకుండీల పండుకున్నదట."

"గంతేనా?"

"గంతే."

గంతే అయినా, ఆ మాట వినందే ముత్యానికి అన్నం సహించేది కాదు.

ముత్యం పుట్టింది పద్మశాలీల ఇంట్లో. పన్నెండేళ్ల వయసులో సాంచె మీద నూలు మోసే నాడె ఎగిరివచ్చి తగిలి కుడి బొటనవేలు వంకరపోయింది. ఇరవై రెండేళ్లకు జగిత్యాలలో ఒక ఏజెంటును పట్టుకుని దుబాయి పోయాడు. హోటల్లో దుప్పట్లు ఉతికాడు. అక్కడినుంచి ఎవరో చెబితే, విహారయాత్రలు చేయించే ఒక పెద్ద ఓడలో గదులు సర్దే పనికి కుదిరాడు. కోరుట్ల పిల్ల ఇంద్రమ్మను పెళ్లాడిన మూడో నెలలోనే ఓడ ఎక్కాడు. పదిహేడేళ్లు నీళ్ల మీదే గడిచిపోయాయి.

ఆ ఓడ ఎక్కేవాళ్లలో ఎక్కువమంది పింఛను మీద బతికే ఇంగ్లీషువాళ్లు. రైళ్లకు సిగ్నళ్లు ఇచ్చినవాళ్లు, బళ్లలో పాఠాలు చెప్పినవాళ్లు, బస్సులు నడిపినవాళ్లు. ఏటా రెండుసార్లు అదే ఓడ, అవే గదులు. సముద్రం నడుమ కాళ్ల మీద కంబళ్లు కప్పుకుని కూర్చుని కూడా వాళ్లు మాట్లాడుకునేది ఇంటి సంగతులే. మోకాళ్ల నొప్పులు, చెత్తబండి రాని రోజులు, గులాబీలకు పట్టిన పురుగు. ముత్యానికి వచ్చిన ఇంగ్లీషంతా అట్లా నేర్చుకున్నదే. రాజకీయాలు మాట్లాడమంటే నోరు పెగలదు కానీ నత్తలు తిన్న మొక్కను ఎట్లా కాపాడుకోవాలో గడగడా చెప్పగలడు.

రోజూ సాయంత్రం గది సర్ది, తువ్వాలును జంతువులాగా మడిచి మంచం మీద పెట్టడం అక్కడి ఆచారం. ముత్యం ఏనుగును చేస్తే తొండం ఎప్పుడూ ఎడమకే తిరిగేది. బొటనవేలు వంకర కదా, కుడికి తిప్పలేడు. బెరిల్ మేడమ్ సరదాపడి ఆ విద్య నేర్చుకుంది. ముత్యం చేతినే చూసి నేర్చుకుంది కనుక ఆమె ఏనుగుకూ తొండం ఎడమకే. ఆమె భర్త కెన్ సారుకు వణుకుడు జబ్బు. చొక్కా గుండీలు కూడా ఆమే పెట్టాలి. ఆయన పక్కన కూర్చుని చూస్తూ నవ్వేవాడు.

కరోనా వచ్చి ఓడలు ఆగిపోయినప్పుడు ముత్యం ఇల్లు చేరి సాంచాలు పెట్టుకున్నాడు. ఇళ్లలో చిక్కుకుపోయిన ఆ పాత ప్రయాణికులు ఫోనులో ఒక గుంపు కట్టుకున్నారు. బెరిల్, కెన్, హేజెల్ అనే పాత పంతులమ్మ, ఇంకో ఇద్దరు. ముత్యాన్ని కూడా చేర్చింది బెరిలే. ఆమెకు టైపు చేయడం రాదు. రోజూ పొద్దున టీ కలుపుకుంటూ రెండు నిమిషాలు మాట్లాడి పంపేది. చివర్లో ఒక మాట ముత్యానికి: "ముత్యం, మీ దగ్గర ఎండలు ముదిరాయా? ఇంద్ర ఏం వండింది?" మిగతావాళ్లు తమ సంగతులు రాసేవాళ్లు. ముత్యం కూడా రాసేవాడు. మర్నాడు బెరిల్ అతని జవాబుకు ఏదో ఒకటి అనేది.

పోయిన జనవరిలో పది రోజులు ఆ గొంతు రాలేదు. ఆమెకు ఒంట్లో బాగాలేదని కెన్ రెండు ముక్కలు రాశాడు. ముత్యం వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్నాడు. పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అదే గొంతు, అదే పలకరింపు, కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు. ఆ వచ్చే సోమవారమే భార్యాభర్తలిద్దరూ వేములవాడ వెళ్లి, కోడెను కట్టి మొక్కు చెల్లించుకుని వచ్చారు.

తర్వాత అంతా మామూలే. ఒకటే తేడా. తను రాసినదానికి మర్నాడు ఆమె నుంచి మారుమాట వచ్చేది కాదు. ముసలితనం, మరుపు అనుకున్నాడు ముత్యం.

ముందుగా అనుమానపడింది ఇంద్రమ్మ. ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు. రాదు కనుక మాటలు వదిలేసి చప్పుళ్లే వినేది. ఏప్రిల్‌లో ఒకనాడు కరెంటు పోయి సాంచాలన్నీ ఆగిపోయాయి. వాడంతా ఒక్కసారిగా చెవులు మూసినట్టయింది. ఆ నిశ్శబ్దంలో ముత్యం ఆనాటి సందేశాన్ని బయటికి వినబడేలా పెట్టాడు. బెరిల్ మాట్లాడుతుంటే వెనక ఎక్కడో కుక్క మూడుసార్లు మొరిగింది. ఆమె ఆగి, నవ్వి, మళ్లీ అందుకుంది.

ఇంద్రమ్మ చేతిలోని చాట పక్కన పెట్టింది. "గీ కుక్క మొరుగుడు నేను ఇన్న."

"కుక్కలు దినాం మొరుగుతయి."

"గట్ల కాదయ్యా. ఇట్లనే మొరిగింది, ఇట్లనే నవ్వింది, నవ్వినంక గిట్లనే గుటక మింగింది. పోయిన ఎండకాలం. నేను గీడనే కూసొని చింతపండు తీస్తున్న."

ముత్యం కొట్టిపారేశాడు. కానీ మర్నాటి నుంచి అతనికి కూడా చప్పుళ్లే వినిపించసాగాయి.

ఆ తర్వాత ఐదో రోజు బెరిల్ మహా సంబరంగా మాట్లాడింది. "ఇవాళ మా కెన్‌కు ఎనభై నిండాయి. కేకు చేస్తున్నాను. అందరూ దీవించండి." ముత్యం వేళ్లు వెంటనే టైపు చేశాయి: ఎనభై ఏళ్ల పుట్టినరోజు శుభాకాంక్షలు సర్. పంపాక మిగతావాళ్లు రాసినవి చదివాడు. మిగతావాళ్లు శుభాకాంక్షలు చెప్పారు కానీ ఎవరూ ఎనభై అన్న అంకె రాయలేదు. ముత్యం వేలితో తెరను పైకి తోసుకుంటూ పోయిన ఏడాది ఇదే తేదీకి వెళ్లాడు. అక్కడ బెరిల్ గొంతు ఉంది. నొక్కాడు. "ఇవాళ మా కెన్‌కు ఎనభై నిండాయి." అదే దమ్ము, అదే దగ్గు. కింద తాను రాసిన అదే శుభాకాంక్ష.

ముందు రోజుది విన్నాడు. అంతకు ముందుది విన్నాడు. అన్నీ పోయిన ఏటి మాటలే, తేదీ తప్పకుండా.

హేజెల్‌కు విడిగా రాసి అడిగాడు. ఆమె చాలాసేపటికి జవాబిచ్చింది. "నీకు చెప్పలేదా ముత్యం? ఎవరికి వారం మరొకరు చెప్పి ఉంటారనుకున్నాం. బెరిల్ జనవరి ఆరున పోయింది. ఇంట్లో ఆమె గొంతు వినబడకపోతే కెన్ అన్నం ముట్టడం లేదు. పాతవి రోజుకొకటి పంపుతున్నాడు. మేము ఎప్పటిలాగే జవాబు రాస్తున్నాం. అంతకన్నా ఏం చేయాలో మాకు తోచలేదు."

బయట నలభై రెండు డిగ్రీల ఎండ. ముత్యం చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఆమె బాగుపడిందని కోడె కట్టిన రోజుకు ఆమె పోయి రెండు వారాలు.

ఇంద్రమ్మ విని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సచ్చినోళ్లను దినాం పిలుస్తె పోతరా? మీరు పిలుస్తున్నరు, ఆమె పలుకుతున్నది. ఆమె పానం ఇంట్లనే తిరుగుతుంటది. నువ్వు ఇగ జవాబు ఇయ్యకు."

మూడు రోజులు ముత్యం ఏమీ రాయలేదు. పన్నెండు దాటగానే ఫోను మోగేది, అతను చూడకుండా పక్కకు తిరిగేవాడు. నాలుగో రోజు వీడియో కాల్ వచ్చింది. కెన్.

మొహం పీక్కుపోయి ఉంది. ఫోను పట్టుకున్న చేయి వణుకుతుంటే గోడలూ కిటికీ అన్నీ వణుకుతున్నాయి. "ముత్యం, నీకు కోపం వచ్చిందా? బెరిల్ అడుగుతోంది, ముత్యం ఎందుకు పలకడం లేదని."

"కోపం లేదు సర్. పని ఎక్కువుండింది."

"చూడు, నీ కోసం ఏం పెట్టిందో" అంటూ ఆయన ఫోనును బల్ల వైపు తిప్పాడు. రెండు కప్పులు, రెండు కుర్చీలు. ఖాళీ కుర్చీ ముందు తెల్ల తువ్వాలుతో మడిచిన ఏనుగు. తొండం ఎడమకు తిరిగి ఉంది.

"ఎవరు చేసిండ్రు సర్?" అన్నాడు ముత్యం, ఇంగ్లీషు మరిచిపోయి. మళ్లీ తేరుకుని ఇంగ్లీషులో అడిగాడు.

"ఆమే" అన్నాడు కెన్, ఆ సంగతి అడగాలా అన్నట్టు. "నేను కిందికి దిగేసరికి ఉంది."

పాతది దాచుకుని ఉంటాడని ముత్యం సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు తనే కాల్ చేశాడు. బల్ల మీద కుందేలు ఉంది. ఆ మర్నాడు కోతి. ఇంటికి ఎవరైనా వస్తున్నారా అని అడిగితే, శుక్రవారం సామాను తెచ్చే మనిషి తప్ప ఎవరూ రారన్నాడు కెన్. ఆ మాట అంటూ చొక్కా సరిచేసుకోబోయాడు. గుండీలన్నీ ఊడే ఉన్నాయి. ఆ చేతులు గుండీ పెట్టలేవు. తువ్వాలు మడవడం అటుంచి, దులపను కూడా దులపలేవు.

నాలుగోనాడు ఇంద్రమ్మ కూడా వచ్చి భర్త భుజం మీదుగా చూసింది. బల్ల మీద జంతువు లేదు. పొడుగ్గా, రెండు కొసలు పైకి లేచి, నడుమ పల్లంగా ఏదో ఉంది.

"ఇది నేను నేర్పలేదు" అన్నాడు ముత్యం మెల్లగా. "ఓడల గిసొంటిది ఎవ్వరం చెయ్యం."

ఇంద్రమ్మ తెరకు దగ్గరగా వంగింది. భయమంతా ఎటుపోయిందో, ఆమె మొహంలో మరేదో కనిపించింది. "పడవ గదయ్యా అది. ఆమె పోతనంటున్నది. గాయిన దారి ఇస్తలేడు. అస్తికలు ఏడ వెట్టిండో అడుగు."

ముత్యం నీళ్లు నమిలాడు. పెద్దమనిషిని అట్లా అడగొచ్చా? ఇంద్రమ్మ మోచేత్తో పొడిచింది. చివరికి అడిగాడు. తమ దగ్గర పోయినవాళ్లను నీళ్లలో కలుపుతారని, కలిపితేగానీ వాళ్లకు నెమ్మది ఉండదని, ఇది ఇంద్ర మాట అని చెప్పాడు.

కెన్ ఫోను కిటికీ వైపు తిప్పాడు. పరదా వెనక, చెక్కపెట్టె.

"సముద్రంలో కలపమనే చెప్పింది" అన్నాడు. "పోయే ముందు రెండుసార్లు చెప్పింది. కలిపితే ఇంట్లో నేను ఒక్కడినే అవుతాను కదా ముత్యం."

"ఒక్కరు కారు సర్. మేమున్నం."

ఆ మాట ఏ భాషలో అన్నాడో ముత్యానికి తర్వాత గుర్తు రాలేదు.

మే నెలాఖరులో కెన్‌ను వెంటబెట్టుకుని హేజెల్, మిగతా ఇద్దరూ పాత ఓడ ఎక్కారు. కెప్టెన్ అనుమతి తీసుకుని, నీళ్లలో కరిగిపోయే కాగితపు పెట్టెలో బూడిద పెట్టి, ఓడ వెనక భాగం నుంచి ఒక పొద్దున వదిలారు. హేజెల్ ముత్యానికి పెద్ద ఉత్తరమే రాసింది. పెట్టె చిటికెలో మునిగిపోతుందని ఓడవాళ్లు చెప్పారట. అది మునగలేదు. ఓడ పోతుంటే వెనకబడాలి కదా, వెనకబడలేదు. చాలాసేపు నురగలో తేలుతూ వెంటే వచ్చింది. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. చివరికి కెన్ ఓడ అంచు కమ్మీల దగ్గరికి వెళ్లి చేయి పైకెత్తి ఊపాడు. అప్పుడు పెట్టె ఆగిపోయింది. చూస్తుండగానే దూరమై, కనపడకుండా పోయింది. "ఎత్తిన ఆ చేయి వణకలేదు ముత్యం. నేను పక్కనే ఉన్నాను" అని రాసింది హేజెల్.

ఆ తర్వాత గుంపులో ఎవరూ మాట్లాడలేదు. పన్నెండు దాటేది, ఒంటిగంటయ్యేది. ముత్యం బయటికి వచ్చి గోడ దగ్గర కాసేపు నిలబడి లోపలికి పోయేవాడు. పదకొండు రోజులు అట్లాగే గడిచాయి. మనిషి పోయిన చోట దీపం పెట్టనట్టుందని ఇంద్రమ్మ కూడా ఒకసారి గొణిగింది.

పన్నెండో రోజు ఫోను మోగింది. ముత్యం ఉలిక్కిపడి చూశాడు. కెన్ పేరు. నొక్కితే బొంగురు గొంతు, ఆగి ఆగి, అలవాటు లేని పని చేస్తున్నట్టు.

"అందరికీ శుభోదయం. ఇక్కడ వాన. రొట్టె మాడ్చాను. చెత్తబండి వచ్చి వెళ్లింది. ఇంకేం చెప్పాలో తెలియడం లేదు."

ముత్యం జవాబు టైపు చేయబోయి ఆగాడు. ఇన్నేళ్లలో తన గొంతు ఒక్కసారీ పంపలేదు. సాంచాలు ఆపమని లోపలికి కేకేసి, తొలకరి పడిందని, ఇంద్ర ఇవాళ పచ్చిపులుసు చేసిందని చెప్పాడు. చెబుతుండగా ఇంద్రమ్మ ఫోను తన వైపు గుంజుకుంది.

"అన్నా, తిన్నవానే? మాడిందని పారెయ్యకు, పైది గీకి తిను."

"ఆయనకు తెలుగెట్ల సమజైతది?" అని ముత్యం నవ్వేలోపే ఆమె పంపేసింది.

రెండు నిమిషాలకు కెన్ గొంతు వచ్చింది. ఏదో నములుతున్నాడు.

"తింటున్నానని చెప్పు ముత్యం. పైనంతా గీకేశాను."

ముత్యం నిదానంగా రాశాడు: సర్, ఇంద్ర తెలుగులో ఏమన్నదో మీకెట్లా తెలిసింది?

"ఎవరూ చెప్పలేదు. అట్లా అన్నట్టు వినిపించింది" అన్నాడు కెన్. "ఎందుకు, తను అన్నది అది కాదా?"