సాసేజ్ లైను

మేముండే మనురేవా అనే ఊళ్లో మా అమ్మాయికి ఫుట్‌బాల్ నేర్పిన కోచ్ ఒకప్పుడు జపాన్‌లో పెద్ద ఆటగాడట. పిల్లలు తొందరపడితే అరచేత్తో గాలిని రెండుసార్లు కిందికి నొక్కి "స్లో, స్లో" అనేవాడు.

ఒక శనివారం ఆయన పాత జట్టువాళ్లు ఇద్దరు మా క్లబ్‌కి వచ్చారు. ముగ్గురూ సంతకాలు పెట్టడానికి తలో బల్ల ముందు కూర్చున్నారు. వాళ్లిద్దరి ముందు జనమే జనం. ఈయన ముందు ఒక్కరూ లేరు. ఈయన్ని చూడ్డానికి జపాన్ నుంచి వచ్చిన ముసలి తల్లి ఇంకాసేపట్లో గ్రౌండుకి వస్తుంది. ఆ ముగ్గురిలో తన కొడుకే ఫేమస్ అని ఆవిడ నమ్మకం.

ఆయన బల్ల ఎత్తుకొచ్చి, క్లబ్ తరఫున అమ్మడానికి నేను సాసేజ్‌లు కాలుస్తున్న పొయ్యి పక్కన వేసుకున్నాడు.

"ఆంటీ, స్లో, స్లో," అంటూ గాలిని నొక్కాడు.

"జనం నన్ను తిడతారు కోచ్!"

"ప్లీజ్ ఆంటీ. మా అమ్మ వస్తోంది."

మంట తగ్గించాను. సాసేజ్‌ల కోసం లైను గేటు దాకా పెరిగింది. ఆకలితో నిలబడ్డ ప్రతివాళ్లకీ ఆయన సంతకం పెట్టిన పేపర్ నాప్‌కిన్ ఇచ్చాడు.

తల్లి వచ్చింది. లైనంతటికీ వంగి దండం పెట్టి, చివర్న నిలబడింది. వంతు రాగానే కొడుకు దగ్గర నాప్‌కిన్, నా దగ్గర సాసేజ్ తీసుకుంది. వెళ్లబోతూ వంగి నా పొయ్యి కింద మంట చూసింది. నవ్వు ఆపుకుంటూ, అరచేత్తో గాలిని రెండుసార్లు కిందికి నొక్కింది.