రంగు అంటని గునుగు పూలు

మొన్న పండుగ సామాను తెద్దామని మార్కెట్టుకు వెళ్తే, గునుగు పూలను ముందే రంగుల్లో ముంచి, ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లలో కట్టి అమ్ముతున్నారు. ఈ సూరత్‌లో బతుకమ్మ పూల కోసం పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి నేను ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, అమ్మే ఆమె, "చేతికి జర గూడ రంగంటదు పెద్దమ్మా, గ్యారంటీ" అంది. అంటకపోవడం ఏం గొప్పని నాకు కాస్త ఒళ్లు మండింది. రంగు అంటబట్టే మా ఇంట్లో ఒక మనిషి నిలిచింది. ఆ సంగతి ఆమెకేం చెప్తాను, మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

అప్పట్లో మేము సూరత్ శివారులోని భేస్తాన్‌లో ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయనది బట్టలకు రంగులద్దే మిల్లులో పని. నాకు ఒకే కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు, అప్పటికి వాళ్లకు రెండేళ్లు నిండాయి. ఒకదాన్ని ఎత్తుకుంటే రెండోది నేలమీద పడి పొర్లేది, రెండోదాన్ని ఎత్తుకుంటే మొదటిది దాని కాలు పట్టుకుని లాగేది, ఇద్దరూ నిద్రపోయారు కదా అని నేను అన్నం కంచం ముందుకు లాక్కుంటే అంతవరకూ ఎక్కడ దాచుకున్నారో ఆ ఏడుపంతా ఒక్కసారిగా ఎత్తుకునేవారు. ఈ ఇద్దరినీ వేసుకుని రైల్లో దసరాకు ఊరికి రాలేనని నేను చెప్పినందుకు, సరే మేమే వస్తామని మా ఆడబిడ్డ కబురు పెట్టింది. అన్నట్టుగానే అత్తమ్మను, తన భర్తను, ముగ్గురు పిల్లలను, మా తోటికోడలిని, రెండు గోనె సంచుల తంగేడు, గునుగు పూలను వెంటబెట్టుకుని దిగింది.

చిన్నపిల్లలున్న ఇంటికి చుట్టాలొస్తే సాయం దొరుకుతుందని ఎవరైనా మీకు చెప్పి ఉంటే, వాళ్ల ఇంటికి ఎప్పుడూ చుట్టాలు రాలేదన్నమాట. సాయం మాట అటుంచి, నాకు దొరికినవన్నీ సలహాలే. పిల్లలకు ఆముదం పట్టమని ఒకరు, పడితే పేగులు పాడవుతాయని ఇంకొకరు. ఇద్దరినీ ఒకేసారి పడుకోబెట్టమని ఒకరు, విడివిడిగా పడుకోబెడితేనే నిద్ర పడుతుందని ఇంకొకరు. బయట చూస్తే వీధి చివర గర్బా మైకులు, లోపల చూస్తే ఏడుగురు చుట్టాలు, మధ్యలో బతుకమ్మ నైవేద్యానికి సద్దులు చేయాలని నువ్వులు వేయిస్తూ నేను.

అన్నిటికంటే నన్ను విసిగించింది ఒక గుడ్డ తాను. మా ఆయన మిల్లులో అద్దకం సరిగ్గా కుదరని గుడ్డ తానుకు తాను చవగ్గా ఇచ్చేవారు. ఆయన తెచ్చిన ఒకే పూల తానులోంచి మా ఇంటి కర్టెన్లు, దిండు గలీబులు, నా జాకెట్టు అన్నీ కుట్టించాం. మిగిలిన ముక్క చూసి ఆడబిడ్డ, కవలలకు ఒకే తీరు తొడగాలని పట్టుబట్టి ఇద్దరికీ గౌన్లు కుట్టించింది. ఇంకేముంది, పిల్ల కర్టెన్ పక్కన నిలబడితే పిల్ల ఏదో కర్టెన్ ఏదో తెలియదు, ఇక ఇద్దరిలో ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది.

నాకు, వాళ్ల నాన్నకు తప్ప ఎవరికీ తెలియలేదు. అందరూ నవ్వి ఊరుకున్నారు గాని అత్తమ్మ నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఈ రాకలో నా ఆశంతా అత్తమ్మ మీదే. ఊళ్లో తోటికోడలి పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కాబట్టి అత్తమ్మ మా దగ్గర ఉండిపోతే నాకు ఇంకో జత చేతులు దొరుకుతాయి. లేకపోతే నాకు పిచ్చెక్కడం ఖాయమని నాకు తెలుసు. కానీ సద్దుల బతుకమ్మకు ముందు రోజు ఆమె ఒకే పిల్లకు రెండుసార్లు పెరుగన్నం తినిపించింది. రెండోది ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తుంటే ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. తీరా తెలిశాక ఆడబిడ్డ పదిమందిలో పకపకా నవ్వింది. అత్తమ్మ ముఖం చిన్నబోయింది.

"సొంత మనుమరాండ్లను గుర్తుపట్టరాకపాయె. గిట్లయితే నేనీడ ఉండి ఏం జేస్త బిడ్డా, పండుగ కాంగనే వీళ్లతోని ఊరికే పోత" అంది.

మర్నాడు తెల్లటి గునుగు పూలకు రంగు వేయాలి. బజారు రంగు మంచిగుండదని, మిల్లు రంగే తెమ్మని ఆడబిడ్డ తన తమ్ముడికి, అంటే మా ఆయనకు, ముందే పురమాయించింది. ఆ రంగు గుడ్డను పట్టుకుంటే వదలదని తెలిసిన మనిషై ఉండి కూడా ఆయన పొట్లాలు కట్టుకుని తెచ్చాడు. రెండు బకెట్లలో ఒకదాంట్లో పచ్చ, ఇంకోదాంట్లో గులాబి కలిపి పెట్టారు. తంగేడు వరుస ముందా గుమ్మడి పువ్వు ముందా అని ఆడబిడ్డ, తోటికోడలు వాదులాడుతుంటే అందరం చుట్టూ చేరాం. ఇంట్లో ఇద్దరు పిల్లల చప్పుడు లేకపోవడం ఎంత అపశకునమో ఆ కాసేపు నేనే మరిచిపోయాను.

వెళ్లి చూద్దును గదా, ఒకతి పచ్చ బకెట్‌లో మోచేతుల దాకా చేతులు పెట్టి పూలు దేవుతోంది, ఇంకొకతి గులాబి నీళ్లతో ముఖం కడుక్కుంటోంది. ఇక చూసుకోండి. సబ్బు, శనగపిండి, కొబ్బరినూనె, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి రుద్దారు. వీధి చివరి డాక్టరు, నోట్లోకి పోలేదు కాబట్టి భయం లేదు గాని రంగు దానంతట అదే పోవాలన్నాడు. రంగు తెచ్చినందుకు తమ్ముణ్ని అక్క, తెమ్మన్నందుకు అక్కను తమ్ముడు, కన్నందుకు నన్ను అందరూ కలిసి తిట్టారు. అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న అత్తమ్మ ఉన్నట్టుండి లేచింది.

"ఏంది గంత లొల్లి. పచ్చది పెద్దదా, చిన్నదా? ముందుగాల గది జెప్పుండ్రి."

పెద్దదేనన్నాను. అత్తమ్మ కంచం తెచ్చుకుని కూర్చుని, పచ్చదానికో ముద్ద, గులాబిదానికో ముద్ద, ఒక్కటి కూడా తప్పకుండా తినిపించింది. సాయంత్రం బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకదాన్ని చంకనెత్తుకుని, ఇంకొకదాని చెయ్యి పట్టుకుని నడిచింది. దసరా మర్నాడు చుట్టాలందరూ బండెక్కారు, ఆమె ఎక్కలేదు. గోళ్లలో రంగు దీపావళి దాకా ఉంది. అది పోయేలోపు ఏది నిద్రొస్తే చెవి లాక్కుంటుందో, ఏది పరుగెత్తే ముందు వెనక్కి చూస్తుందో ఆమె నాకంటే బాగా కనిపెట్టేసింది. అత్తమ్మ కన్నుమూసేదాకా మా ఇంట్లోనే ఉంది, కన్నుమూసేదాకా వాళ్లను పచ్చ, గులాబి అనే పిలిచింది.

ఇప్పుడు పచ్చది ఇచ్ఛాపూర్‌లో, గులాబిది బార్డోలీలో కాపురముంటున్నారు. రెండూ సూరత్ పక్కనే, ఎంత దూరమని, అయినా వాళ్ల ఇళ్లలో పండుగలు, మగవాళ్ల షిఫ్టులు చూసుకుంటే ఇద్దరూ ఒకే రోజు మా ఇంట్లో ఉండి ఎన్నేళ్లయిందో. రోజూ ఫోను చేస్తారు, గొంతులు ఇప్పటికీ ఒకటే, కళ్లు మూసుకుని వింటే నేను కూడా పొరబడతాను. కానీ నేను ఎత్తకముందే ఫోను మీద పేరు వచ్చేస్తుంది. తప్పు పేరుతో పిలిచి, "అమ్మా, నేను గాదే" అని ఇద్దరి చేతా తిట్టించుకోవాలని ఉంటుంది. అందుకు ఇద్దరూ ఒక్కచోట ఉండాలి కదా.

ఆ కవరు అక్కడే పెట్టేసి, రంగు వేయని గునుగు రెండు కట్టలు కొనుక్కుని వచ్చాను.