మూడో పిలుపు

మా అన్నకు ఇష్టమైన పాట ఒక్కటే. అది ఇంగ్లీషు రాక్ పాట. పాడినవాడు అప్పటికే చచ్చిపోయాడు. అందులో ముక్క కూడా మా అన్నకు అర్థం కాదు. అయినా ఆదివారం వచ్చిందంటే కుత్బుల్లాపూర్‌లోని మా రెండు గదుల ఇంట్లో టేప్ రికార్డరు పగిలిపోయేలా అదే మోగేది. "ఏందిరా గా మొత్తుకునుడు? చెవులు తూట్లు పడుతున్నయి, బంద్ చెయ్!" అని నాయిన వాకిట్లోంచి అరిచేవాడు. అన్న ఇంకాస్త సౌండు పెంచేవాడు.

నాయిన మేస్త్రీ. మేడ్చల్, షామీర్‌పేట వైపు కొత్తగా లేస్తున్న కాలనీల్లో ఇళ్లు కట్టేవాడు. అన్న పదో తరగతి తప్పి కెమికల్ ఫ్యాక్టరీలో చేరాడు. నేను మేడ్చల్‌లో డిగ్రీ వెలగబెడుతున్నాను కాబట్టి ఇంట్లో ఇంగ్లీషుకు నేనే పెద్దదిక్కు. "చెప్పు తమ్మీ, గీడ ఏమంటుండు?" అని అన్న అడిగేవాడు. నేను పండితుడిలా గొంతు సవరించుకుని చెప్పేవాణ్ణి.

పాటలో కథ ఇంతే. ఒకడు ఇంటికొస్తాడు. ఆమె పడుకుని ఉంటుంది. డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆమెను పేరు పెట్టి పిలుస్తాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పిలుస్తాడు. లేదు. మూడోసారి గొంతు చించుకుని పిలుస్తాడు. ఆ తర్వాత అదే గొంతుతో, చాలా మెల్లగా, 'కమింగ్', అంటే 'వస్తున్నా' అని వినిపిస్తుంది. వెంటనే డ్రమ్ములు విరుచుకుపడతాయి.

ఆ మాట అన్నది ఎవరు? దీని మీద మాకు పెద్ద కొట్లాటలు. క్యాసెట్ ఇచ్చింది నా క్లాసువాడే, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కొడుకు. "ఆవిడ చచ్చిపోయిందిరా. వీడే ఆవిడ దగ్గరికి వస్తానంటున్నాడు. పాడినోడు కూడా చివరికి అలాగే పోయాడు కదా" అనేవాడు. నాకూ అదే నిజమనిపించేది. అన్న మాత్రం ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. "పాగల్‌గాళ్లు! మూడుసార్లు పిలిస్తే పలకదా? మస్తు నిద్రల ఉన్నది, లేసింది" అని నవ్వేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, ఒక ఎండాకాలం, అన్న డ్యూటీ నుంచి వచ్చి తల నొస్తాందని పడుకున్నాడు. ట్యాంకు కడగడానికి దిగాడట, లోపల ఘాటు వాసన వచ్చిందట. సాయంత్రం అమ్మ చాయ్ తెచ్చి లేపితే లేవలేదు. గల్లీ డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి తల వంచుకున్నాడు. ఫ్యాక్టరీవాళ్లు "మా దగ్గరేం కాలేదు, ఇంట్లనే గదా పోయిండు" అని చేతులు దులుపుకున్నారు. వాళ్ల నోట్లో మన్నుబడ! ఒంటి మీద గీత కూడా లేదు. పిలిస్తే లేస్తాడేమో అన్నట్టు, నిద్రపోతున్నట్టే ఉన్నాడు, అదే మా కొంప ముంచింది.

మా దగ్గర పాడెను నేరుగా శ్మశానానికి తీసుకుపోరు. సగం దారిలో ఒకచోట దింపుతారు. దాన్నే దింపుడు కల్లం అంటారు. డప్పులు ఆపుతారు. అయినవాళ్లు వంగి చెవిలో మూడుసార్లు పిలవాలి. ఏ మూలనో ఇంత ప్రాణముంటే లేస్తాడని ఆశ. ఎవరూ లేవరు. అయినా పిలవకుండా ఎత్తరు.

ఊళ్ల నుంచి చుట్టాలు వచ్చేసరికే మరునాటి సాయంత్రమైంది. దింపుడు కల్లం దగ్గర నాయిన వంగి "కొడుకా" అన్నాడు. మళ్లీ "కొడుకా" అన్నాడు. మూడోసారి నోరు తెరిచాడు, గొంతు రాలేదు. పెదవులు ఊరికే ఆడాయి. వెనక నుంచి మా పెదనాయిన "పొద్దు గూకుతాంది, ఇగ జల్దీ లేపుండ్రి" అన్నాడు. డప్పులు మోగాయి, పాడె లేచింది. మూడో పిలుపు పడలేదని నాయినకు తెలుసు, పక్కనే ఉన్న నాకు తెలుసు.

దినాలు అయిపోయాయి. నాయిన పనికి పోలేదు. అమ్మ ముద్ద కలిపి నోటికందిస్తే తినేవాడు, లేకపోతే లేదు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి "గా పాట పెట్టు" అన్నాడు. భయపడుతూనే పెట్టాను. గోడకు ఆనుకుని విన్నాడు. పిలుపులు, ఆ చివరి మాట అయ్యాక ఆపమని చెయ్యెత్తాడు.

"గిది దింపుడు కల్లమే గదరా?"

"కాదు నాయినా, ప్రేమ పాట" అన్నాను.

"ప్రేమ లేకుంటే ఎవడు పిలుస్తడు" అన్నాడు. "కమింగ్ అంటే వస్తున్న అని నాకెర్కే. సైటు మీద సార్లు ఫోన్ల అంటనే ఉంటరు. గా మాట అన్నదెవరు? ఆమెనా, పిలిచినోడా?"

ఆయన అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. ఆమె పలికిందంటే, మూడోసారి పిలిచుంటే కొడుకు లేచేవాడని అర్థం. ఏ తండ్రి మొయ్యగలడా మాట? "ఆమె ఎప్పుడో సచ్చిపోయింది నాయినా. ఎన్నిసార్లు పిలిచినా పలకదు. గా పిలిచినోడే ఆమె దగ్గరికి వస్తున్న అంటుండు" అని గబగబా చెప్పేశాను.

నాయిన ముఖం తేటపడింది. అన్ని రోజుల్లో అదే మొదటిసారి. హమ్మయ్య అనుకున్నాను.

"మరి పోయిండా?"

"పోయిండు" అన్నాను, బుర్ర లేకుండా.

"మంచిగ జేసిండు" అన్నాడు.

లేచి, కొక్కేనికి వేలాడుతున్న అంగీ తొడుక్కున్నాడు. "అట్ల చెరువు దాక పోయొస్త" అన్నాడు, బీడీకట్టకు పోతున్నంత మామూలుగా. నాయినకు ఈత రాదు. చెరువు దగ్గర ఏ పనీ లేదు.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన్ని ఆపడానికి నా దగ్గరున్నది ఒక్క మాటే. "తప్పు చెప్పిన నాయినా. ఆమెనే పలికింది. మూడోసారి పిలిస్తే లేసింది."

"లేసిందా?"

"లేసింది."

"అంటే పిలిస్తే లేస్తరన్నట్టు" అని అక్కడే కూలబడ్డాడు. అరచేత్తో తన నోరు తాను బాదుకుంటూ గొల్లుమని ఏడ్చాడు. అమ్మ ఉరికొచ్చి పట్టుకుంది. ఏడుస్తున్న మనిషిని పట్టుకోవచ్చు. అంతకుముందున్న మనిషిని పట్టుకోవడం మా వల్ల అయ్యేది కాదు.

ఆ తర్వాత చాన్నాళ్లు బతికాడు. ఎన్నో ఇళ్లు కట్టాడు. ఎవరి చావుకు పోయినా దింపుడు కల్లం దగ్గర జనాన్ని తోసుకుని ముందుకు పోయేవాడు. "మూడోది అయిందా? గట్టిగ పిలువుండ్రి!" అని పాడె మోసేవాళ్లతో కొట్లాడేవాడు. ముసలాయనకు చాదస్తమని నవ్వేవాళ్లు. నాకు నవ్వు రాలేదు. అట్లాగని నిజమూ చెప్పలేదు, మళ్లీ చెరువు అంటాడని భయం.

నాయిన పోయినప్పుడు నేను పిలిచాను. మూడుసార్లూ, గల్లీ చివరిదాకా వినబడేలా. పలకలేదు. మూడోసారి పిలిచినా లేవరని చెప్పడానికి ఆయన లేడు.