తోటమాలి చనిపోయిన నాలుగు పేజీలు

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, కోడుమూరు దగ్గర మా ఊరి చర్చి పంచలో ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేవాళ్లు. మా వైపు వాటిని బుడ్డలంటాం. ఈ రోజు ఒకరింటి బుడ్డలు, రేపు ఇంకొకరివి... మధ్యలో స్టూలు మీద నేను. నా ఒళ్లో దిండంత పుస్తకం.

ఆ నవల పేరు చెప్పను. చెబితే నూరో పేజీ దగ్గర ఆగిపోయినవాళ్లంతా ఇక్కడికొచ్చి తమ గోడు వెళ్లబోసుకుంటారు. పరాయి దేశం కథ, తెలుగులోకి తెచ్చింది. వందమందికి పైగా మనుషులు, నోరు తిరగని పేర్లు... బాగా చదువుకున్నవాళ్లే దాన్ని బీరువాలో పెట్టి దూరం నుంచి గౌరవించేవాళ్లు.

దాన్ని బుడ్డలొలిచేవాళ్లకు వినిపించాలన్న పిచ్చి మా పెద్దమ్మది. సండే స్కూలు టీచరు. నోళ్లు ఊరికే ఉంటే విత్తనంలో సగం కడుపుల్లోకి పోతుందన్న భయం కూడా ఆమెకు ఉండేది. మొదటి రోజు నేను చదువుతుంటే ముగ్గురు కునుకు తీశారు. మిగతావాళ్లు హాయిగా గింజలు నమిలారు.

రెండో రోజు పెద్దమ్మ ఒక ఉపాయం చేసింది. కథలో మాటిమాటికీ వచ్చే మనుషుల్ని ఏరి తలా ఒకరిని పంచేసింది. ఆ మనిషి పేరు రాగానే, నిన్నటిదాకా ఏం చేశాడో, ఎవరికి ఏమవుతాడో తీసుకున్నావిడే చెప్పాలి. పేరు పలకలేకపోతే పెద్ద కోడలనో, తాగుబోతు మామ అనో పిలుచుకోవచ్చు. మూడు పేజీల వర్ణన వచ్చిందంటే "ఈడ వాన పడతాండాది, అంతే" అని పెద్దమ్మ ఒక్క మాటలో తేల్చేసేది.

అంతే... వారం తిరిగేసరికి ఎవరి మనిషి మీద వాళ్లు మాట పడనివ్వడం లేదు. పెద్ద కోడలిని తీసుకున్న సుంకమ్మ, ఆ కోడలి మొగుణ్ణి తీసుకున్న రాహేలమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. గింజలు నమలడం ఎవరికీ గుర్తే లేదు.

మార్తమ్మ వంతు వచ్చేసరికి ఒక ముసలి తోటమాలి మాత్రమే మిగిలాడు. ఏ ఇరవై పేజీలకో ఒకసారి కనబడి, ఒక మాట అని పోతాడు. "వానికెవురూ లేరు కదా... నాకే ఉండనీ" అంది మార్తమ్మ.

మార్తమ్మ భర్త గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలసపోయి అక్కడే చనిపోయాడు. జ్వరమన్నారు. కబురు అందేసరికే పూడ్చేశారట. అంతకుమించి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తోటమాలి మాట వచ్చినప్పుడల్లా ఒలిచే చేతులు ఆపి వినేది.

ఒక సాయంత్రం ఆత్రం ఆపుకోలేక మర్నాటి పేజీలు ముందే చూశాను. తోటమాలికి జబ్బు చేసింది... ఊరుకాని ఊళ్లో, ఎవరిదో పాకలో, ఒక్కడే పడి ఉన్నాడు. ఆ అధ్యాయం మొత్తం నాలుగే పేజీలు, వాటిల్లోనే చనిపోతాడని తెలిసిపోయింది. మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశాను. నాకప్పుడు పన్నెండేళ్లు. ఇది మార్తమ్మ ముందు ఎలా చదవాలి...

మర్నాడు పెద్దమ్మ ఏదో పని మీద కర్నూలు పోయింది. నేను ఆ రెండు ఆకులు కలిపి ఒకేసారి తిప్పేశాను. తోటమాలి వాళ్ల ఊరికి పోయాడని నోటికొచ్చింది చెప్పాను. మార్తమ్మ ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. నవల అయిపోయిన రోజు అందరూ తమ తమ మనుషుల్ని తలుచుకుని ముక్కులు చీదుకుంటుంటే, ఆమె మాత్రం ఒళ్లో పొట్టు దులుపుకుని లేచి వెళ్లిపోయింది.

పెద్ద మేలు చేశాననుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను.

ఇప్పుడు కడపలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ నవల చూస్తేనే పారిపోయే పిల్లలకు పెద్దమ్మ ఉపాయమే... తలా ఒక మనిషిని పంచుతాను. పోట్లాడుకుంటూ చదివేస్తారు. అలా చదివిస్తూనే, నేను దాటేసిన పేజీలు మొదటిసారి పూర్తిగా చదివాను. మూడో పేజీలో ముక్కూ మొహం తెలియని ఒకావిడ ఆ పాకలోకి వస్తుంది. తడిగుడ్డతో తోటమాలి నుదురు తుడుస్తుంది. ఊపిరి పోయేదాకా పక్కనే కూర్చుంటుంది. అతను ఒంటరిగా పోలేదు.

ఆ తర్వాత ఊరికి పోయినప్పుడు మార్తమ్మను కలిశాను. నడుం వంగిపోయింది, గట్టిగా మాట్లాడితేనే వినబడుతోంది. నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ దినం రెండాకులు ఒకేసారి తిప్పినావు పాపా. నేను చూస్తానే ఉండా. సచ్చిపోయినాడని అప్పుడే తెలిసె... ఎట్ల సచ్చిపోయినాడో, పక్కన ఎవురన్నా ఉండిరో లేదో, అదొక్కటీ చెప్పకపోతివి."

అక్కడే చెప్పేయాల్సింది. కానీ టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది... నా మాటల్లో చెబితే ఆ పేజీలు పాడైపోతాయని, పుస్తకం తెచ్చి చదువుతానన్నాను. పరీక్షలు, పేపర్లు దిద్దడం, ఇంట్లో పెళ్లి... ఎనిమిది నెలలు గడిచాయి.

పుస్తకం పట్టుకుని పోయేసరికి ఆమెకు చెవులు పూర్తిగా పోయాయి. అయినా పక్కన కూర్చుని నాలుగు పేజీలూ అరిచి అరిచి చదివాను. ఆమె చూపంతా నా చేతుల మీదే ఉంది. ఒక్కో ఆకే తిప్పాను. ఆ పాకలోకి ఆవిడ వచ్చిన చోట, ఎలాగైనా తెలియాలని, నా నుదురు తుడుచుకుంటూ సైగ చేశాను.

నాకు చెమట పోస్తోందనుకుంది. కొంగుతో నా నుదురు తుడిచింది.

ఇప్పుడు బుడ్డలు మిషన్లో ఒలుస్తున్నారు. చర్చి పంచలో మధ్యాహ్నం పూట ఎవరూ ఉండరు... మీరు కూడా ఎవరికైనా చదివిపెడుతూ, వాళ్ల మంచికేనని ఏ పేజీ అయినా దాటేసి ఉంటే ఇక్కడ చెప్పుకోండి, వింటాను. కానీ ముందు వాళ్ల దగ్గరికి పోయి ఆ పేజీ చదివి రండి... వాళ్లకు ఇంకా వినబడుతుండగానే.