శుక్రవారాలు చెప్పని సంగతి

ఆషాఢంలో చివరి సోమవారం, పొద్దున తొమ్మిదింబావు. బడి గంట కొట్టే వేళకు ఏడో తరగతి చదివే నా మనుమడు కోరుట్లలో కొండగట్టు బస్సెక్కాడు. సాయంత్రం తోలు చెప్పులతో ఇల్లు చేరాడు. పాదాలకంటే రెండు వేళ్లు పెద్దవి.

"ఏడియిరా గివి?" అన్నాను.

"గుడి మెట్లకాడియి. చెప్పులు పోతే శని పోయినట్టే అంటవు గద నాయినమ్మా!"

బీడీలు చుడుతున్న కోడలు నవ్వింది. "అయితే ఎవల శనో మనింటికచ్చింది అత్తమ్మా." నేనూ నవ్వాను.

పాలు, గ్యాసు అన్నీ క్యాలెండరులో రాసే అలవాటు నాది. ఆ రోజు గడిలో 'చెప్పులు' అని రాశాను. తర్వాత 'బడి ఎగ్గొట్టాడు', మళ్లీ అదే. బతుకమ్మ ముందు 'పక్కింటి కోడిపిల్ల కాలు విరిచాడు'. దసరా సెలవులయ్యాక సారు ఇంటికొచ్చాడు. "పిలగాడు నా మాట ఇంటలేడమ్మా. వాళ్ల నాయినకు చెప్పుండ్రి, ఆయనంటే భయమున్నది."

నా కొడుకుది దుబాయిలో ఎత్తు కట్టడాల మీద పని. అక్కడ సెలవు కాబట్టి ప్రతి శుక్రవారం ఫోను చేస్తాడు. ఎడారి దేశం పోయినవాళ్లకు చెడ్డ మాట చెప్పరు మా దగ్గర. మా వాడలో ఒకామె పోతే, దినాలయ్యాకే దుబాయిలోని కొడుక్కు తెలిపారు. మనసు చెదిరితే నా కొడుకు కాలు జారుతుందని నా భయం.

"పిలగాడు బడికి పోతుండా అవ్వా?"

"పోతుండు కొడుకా. నువ్వు నిమ్మలంగుండు."

మనుమడు పక్కనే నిలబడి నా నోటివంక చూసేవాడు. మొదట్లో ఫోను ఇవ్వబోతే వెనక్కి జరిగేవాడు. కార్తీకం వచ్చేసరికి నాకంటే ముందే అందుకున్నాడు. "మంచిగ సదువుతున్న బాపూ." గొంతు తొణకలేదు.

మార్గశిరంలో, సిరిసిల్లలో, ఇద్దరు పెద్ద పిల్లలతో కలిసి ఒకావిడ మెడలో గొలుసు లాగాడు. ఆమె పడింది, తుంటి ఎముక విరిగింది. పోలీసులు పట్టుకున్నారు, మనుమణ్ని పిల్లల హోంకు పంపారు.

కొడుకు పని వదిలి వచ్చాడు. క్యాలెండరు దించి, ఆషాఢం నుంచి ఒక్కో గడీ చదివాడు.

"అన్నీ రాసినవు. నాకొక్కటి చెప్పకపోతివి గదనే అవ్వా."

ఎగ్గొట్టిన బడి రోజులు ముప్పై ఒకటి. అవి కాక నేను రాసిన తప్పులు పదకొండు. ఫోను వచ్చిన శుక్రవారాలు పందొమ్మిది. చెప్పినది ఒక్కనాడూ లేదు. సిరిసిల్లావిడ ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది. కొడుకు నాతో మాట్లాడడు. చెప్పులు గూట్లో ఉన్నాయి. మనుమడి కాలికి ఇంకా పెద్దవే.